బల్ల పగిలిందన్న ఇజహారు

1346 ఫస్లీలో, అంటే 1936 చివర, నన్ను నిజామాబాద్‌లో ఒక అదాలత్‌కు ముతర్జిమ్‌గా వేశారు. ముతర్జిమ్ అంటే అనువాదకుడు. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. నాలుగేళ్ళు నకళ్ళ శాఖలో కూర్చుని ఇతరులు రాసినవి తిరగరాసినవాణ్ణి. సొంతంగా కలం పట్టే ఉద్యోగం రావడం అదే మొదలు.

నిజాం సర్కారు కచేరీల్లో కాగితమంతా ఉర్దూలో నడిచేది. సాక్ష్యం చెప్పడానికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఆ భాష రాదు. వాళ్ళు తెలుగులో చెబితే ముతర్జిమ్ దాన్ని ఉర్దూలో పలకాలి, గుమాస్తా రాసుకోవాలి. మెజిస్ట్రేటు ఊళ్ళ మీదికి దౌరా వెళ్ళినప్పుడు గుమాస్తా వెంట రాడు గనుక రాసేదీ ముతర్జిమే. చివర్లో రాసినదాన్ని మళ్ళీ తెలుగు చేసి సాక్షికి వినిపించాలి. సాక్షి ఔనంటే వేలిముద్ర వేయించాలి. అలా తీసుకున్న వాంగ్మూలాన్ని ఇజహారు అనేవారు. దాని మీద వేలిముద్ర పడ్డాక ఒక్క చుక్క మార్చినా నేరమే.

మా పనిలో ఉన్నవాళ్ళందరూ మాటల పుస్తకం ఒకటి సొంతంగా రాసుకునేవాళ్ళు. నా పుస్తకంలో ఇంటి సామాను పేర్లకు రెండు పుటలు ఇచ్చాను. దొంగతనం కేసుల్లో అవే ఎక్కువ వస్తాయి. కుర్సీ అరబ్బీ నుంచి వచ్చింది. మనుషులు కూర్చునేదీ కుర్సీయే, మేస్త్రీల నోట ఇంటి పునాది ఎత్తూ కుర్సీయే. వంశవృక్షం రాసిన కాగితం కుర్సీనామా. అల్మారా పోర్చుగీసు ఓడల మీద వచ్చిందని ఒక మౌల్వీగారు చెప్పారు. బల్ల మాత్రం మన సొంత మాట. దానికి ఎదురుగా ‘తఖ్తా’ అని రాసి, కింద బల్లకట్టు, బల్లపరుపు, బల్ల గుద్ది చెప్పడం అని ఉదాహరణలు కూడా చేర్చాను. ఆ పుట చూసుకుని గర్వపడినవాణ్ణి.

ఉద్యోగంలో చేరిన రెండో నెలలోనే మెజిస్ట్రేటు గారి వెంట బోధన్ వైపు దౌరా పడింది. నిజాంసాగర్ నీళ్ళు పారడం మొదలై ఐదారేళ్ళయింది. కోస్తా జిల్లాల నుంచి రైతులు, కూలీలు వచ్చి వర్ని చుట్టుపక్కల కాంపులు వేసుకున్నారు. వరి, చెరుకు పచ్చగా ఉండేవి. నీళ్ళతో పాటు చలిజ్వరం కూడా వచ్చింది. ఏ కాంపుకు వెళ్ళినా ఎండలో దుప్పటి కప్పుకుని వణుకుతున్న మనుషులు కనిపించేవారు.

ఎడపల్లిలో మకాం వేసిన రోజున ఒక చావు కబురు ఫిర్యాదుగా వచ్చింది. చనిపోయినవాడు సుబ్బయ్య, కోస్తా నుంచి వచ్చి కాలువ కింద మడి కౌలుకు చేసుకుంటున్నవాడు. ముద్దాయి మల్లయ్య, ఎడపల్లి రైతు, చెరుకు వేసి సొంత గానుగ మీద బెల్లం వండించేవాడు. నీటి వంతు దగ్గర ఇద్దరికీ మాట మాట పెరిగింది. గానుగ దగ్గర మల్లయ్య చెయ్యి చేసుకున్నాడు. సుబ్బయ్య అక్కడే కూలబడి, పొద్దు వాలకముందే ప్రాణం విడిచాడు. పోలీసులకు కబురు అందేసరికి కాంపువాళ్ళు దహనం కూడా చేసేశారు. డాక్టరు చూడడానికి శవమే లేదు.

సుబ్బయ్య భార్య వెంకమ్మను మెజిస్ట్రేటు ముందుకు తీసుకొచ్చారు. ముప్పై దాటని మనిషి. కళ్ళలో నీళ్ళు లేవు, గొంతు మాత్రం బొంగురుపోయి ఉంది. ఏం జరిగిందో చెప్పమన్నాను.

“నీళ్ళ కాడ తగువాడుకున్నారండి. ఆయన చెయ్యి విసిరాడు. మా ఆయనకి డొక్కలో తగిలింది. బల్ల పగిలి పోయాడు” అన్నది.

నేను ఒక్క క్షణం ఆగాను. చెయ్యి విసరడానికి, బల్ల పగలడానికి మధ్య ఏదో తెగినట్టు అనిపించింది. మెజిస్ట్రేటు గడియారం చూస్తున్నారు. దుఃఖంలో ఉన్న మనిషి మధ్యలో మాటలు మింగేసిందనుకున్నాను. ముద్దాయి చెయ్యెత్తి తఖ్తాతో పక్కటెముకల మీద కొట్టాడని, తఖ్తా విరిగిపోయిందని, మనిషి చనిపోయాడని ఉర్దూలో రాశాను. ఉర్దూలో ‘తో’ అనడానికి ‘సే’ అంటారు. రెండక్షరాలైనా లేని మాట. అది ఆమె అనలేదు, నేను చేర్చాను.

రెండో తప్పు దానికంటే పెద్దది. వినిపించేటప్పుడు నేను రాసిన ఉర్దూను తెలుగు చేయాలి. నేను అలా చేయలేదు. ఆమె మాటలే గుర్తున్నాయి కదా అని “డొక్కలో తగిలింది, బల్ల పగిలి పోయాడు” అని ఆమె మాటలనే ఆమెకు అప్పజెప్పాను. ఆమె ఔనని తలూపి వేలిముద్ర వేసింది. తప్పు పట్టడానికి పెట్టిన పద్ధతి నా చేతిలో తప్పును ఖాయం చేసింది.

ఆ కాగితం ఆ సాయంత్రమే పోలీసు అమీన్ చేతికి వెళ్ళింది. అమీన్ అంటే ఠాణా అధికారి. వేరే జిల్లా నుంచి వచ్చినవాడు, తెలుగు ఒక్క ముక్క రాదు. నా ఉర్దూయే అతనికి కళ్ళు. మర్నాడు పొద్దున్నే గానుగ దగ్గరికి వెళ్ళి వెతికించాడు. కూలీలు కూర్చునే బల్ల ఒకటి, ఒక కాలు ఊడి, మధ్యకు చీలి, పొయ్యి పక్కన పడి ఉంది. ఏ గానుగ దగ్గరైనా అలాంటిది ఒకటి ఉంటుంది. దాని మీద ఎర్రగా మరక కూడా ఉంది. పంచనామా రాసి, లక్క ముద్ర వేసి, దాన్ని బండిలో నిజామాబాద్ తరలించారు. ఆ మరక బెల్లం పాకమని అడిగితే ఊళ్ళో ఎవరైనా చెప్పేవారు. ఎవరూ అడగలేదు.

మల్లయ్యను మెజిస్ట్రేటు అడిగినప్పుడు కూడా ముతర్జిమ్‌ని నేనే.

“చేత్తోని నూకిన సారు, అబద్ధమాడ. గని బల్ల ముట్టలే. బల్ల దిక్కు సూడనే లేదు” అన్నాడు.

అది కూడా రాశాను. ముద్దాయి నేరం ఒప్పుకోలేదని దాని అర్థం. అలా అనని ముద్దాయి ఉండడు. కేసు ఖూనీ కింద సెషన్స్‌కు పంపారు. మల్లయ్యను నిజామాబాద్ జైలుకు తీసుకెళ్ళారు. వెంకమ్మ అబద్ధమాడుతోందని ఎడపల్లి వాళ్ళు, మల్లయ్య అబద్ధమాడుతున్నాడని కాంపువాళ్ళు నమ్మారు. కాలువ గట్టు మీద రెండు వైపులవాళ్ళూ కర్రలు లేకుండా నడవడం మానేశారని విన్నాను.

ఆ దౌరా నుంచి నేను చలిజ్వరంతో తిరిగివచ్చాను. రోజు విడిచి రోజు మధ్యాహ్నం పూట వణుకు పట్టుకునేది. నెల దాటినా తగ్గలేదు. మేము కంఠేశ్వర్ గుడి వెనక వీధిలో ఉండేవాళ్ళం. ఆ వీధి చివర కోస్తా నుంచి వచ్చిన ఒక కాంపౌండరు చిన్న దవాఖానా పెట్టుకుని ఉండేవాడు. క్వినైను ఇప్పించుకుందామని అతని దగ్గరికి వెళ్ళాను.

నన్ను పడుకోబెట్టి ఎడమవైపు పక్కటెముకల కింద వేళ్ళు పెట్టి నొక్కాడు. గట్టిగా ఏదో అడ్డుపడినట్టు నాకే తెలిసింది.

“బల్ల దిగిందండి. నాలుగు వేళ్ళ మందం ఉంది” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. బల్లేమిటని అడిగాను.

“మీవైపు తిల్లి, పుస్తకాల్లో ప్లీహం అంటారు కదండీ, అదే. జ్వరాలు ముదిరితే వాచి చెక్కలాగ గట్టిపడిపోద్ది. అందుకే మావైపు బల్ల అంటారు. మీరు జాగ్రత్తగా ఉండాలి. ఎవరి మోచెయ్యి తగిలినా బల్ల పగిలిపోద్ది. పగిలితే మనిషి పూట కూడా ఆగడు.”

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన భయాన్ని ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ముందు నా కడుపు కోసం భయపడ్డాను, దాచను. ఒక రెండు శ్వాసల తర్వాత వెంకమ్మ గొంతు వినిపించింది. చెయ్యి విసిరాడు, డొక్కలో తగిలింది, బల్ల పగిలి పోయాడు. అందులో తెగిన చోటు ఎక్కడా లేదు. ఆమె ఒక్క మాట కూడా మింగలేదు.

కాంపౌండరు క్వినైను పొట్లాలు కడుతున్నాడు. నేను లేవలేకపోయాను. జ్వరమనుకుని అతను ఇంకో దుప్పటి కప్పాడు. సెషన్స్ పేషీకి తొమ్మిది రోజులుంది. మల్లయ్య జైల్లో పడి అప్పటికి రెండు నెలలు కావస్తోంది. ఉర్దూలో ఉరికంబం కింద కాళ్ళ దగ్గర ఉండే చెక్కను కూడా తఖ్తా అనే అంటారు. కావాలని తలుచుకోలేదు, ఆ మాట దానంతటదే వచ్చింది. మా నిజాం రియాసత్‌లో ఉరిశిక్ష పడితే అది పైదాకా వెళ్ళాలి, చాలావాటిని యావజ్జీవంగా మార్చేవారు. ఆ సంగతి కచేరీ వాళ్ళకు తెలుసు. లోపల కూర్చున్న రైతుకు ఎవరు చెబుతారు?

ఆ మర్నాడు మా సరిష్టాదారు ఇంటికి వెళ్ళాను. సరిష్టాదారు అంటే కచేరీ గుమాస్తాలందరికీ పెద్ద. నిజామాబాద్ మనిషే, నన్ను నకళ్ళ శాఖ నుంచి పైకి తెచ్చింది ఆయనే. అంతా విని మీసం సర్దుకున్నాడు. వేలిముద్ర పడ్డ కాగితాన్ని తప్పని నువ్వే అంటే, తెలిసే తప్పు రాశావని అంటారన్నాడు. డబ్బు తిని ఇప్పుడు మాట మారుస్తున్నావని అమీన్ అంటాడన్నాడు. వకీలు ఎలాగూ ముద్దాయి తరఫున వాదిస్తాడు, అతని పని అతన్ని చేసుకోనిమ్మన్నాడు. చివరికి తలుపు దాకా వచ్చి, గొంతు తగ్గించి, “రాసింది రాసినట్టే ఉండనియ్యి తమ్మీ. కాయిదం మీద చెయ్యేసినవా, గా చేతికే బేడీలు పడ్తయ్” అన్నాడు. ఆయన నా మేలు కోరే చెప్పాడు. అందుకే ఇంకా భయం వేసింది.

మూడు రోజులు ఏమీ చేయలేదు. ఆ మూడు రోజులూ మామూలుగానే కచేరీకి వెళ్ళివచ్చాను. మా ఇంట్లో ఆవిడ నా కడుపు చుట్టూ పాత ధోవతి నాలుగు మడతలు పెట్టి కట్టింది. బజార్లో గోడ వారగా నడిచేవాణ్ణి. ఎదురుగా ఎడ్లబండి వస్తే అరుగెక్కి నిలబడేవాణ్ణి. ఎవరైనా చనువుగా భుజం తట్టబోతే వెనక్కి జరిగేవాణ్ణి. ఒక మనిషి చావు ఎంత తేలికగా వస్తుందో ఆ రోజుల్లో నా ఒంటితో తెలిసింది. సుబ్బయ్య ఇలాగే రోజూ పొలానికి వెళ్ళివచ్చి ఉంటాడు.

వెంకమ్మను ఒక్కసారి కలిసి అడిగితే అనుమానం తీరేది. ఆమె అన్నది ఆ బల్లేనా అని. పేషీలో ఉన్న కేసు సాక్షిని ముతర్జిమ్ బయట కలవకూడదు. కలిస్తే సాక్షిని తిప్పినట్టే. నేను కలవలేదు. పద్ధతి మీద గౌరవంతో అని చెప్పుకోవచ్చు. నిజానికి అది కూడా భయమే.

నాలుగో రోజు మధ్యాహ్నం కచేరీ మెట్ల దగ్గర ఒక ఆడమనిషి నన్ను ఆపింది. మల్లయ్య భార్య నర్సవ్వ. నెల రోజులుగా అక్కడే వేపచెట్టు కింద కూర్చుంటోందని జవాన్లు చెప్పగా విన్నాను. ఎడపల్లిలో నన్ను చూసిందట, గుర్తుపట్టింది.

“సారూ, మా ఇంటాయన బల్ల ముట్టలేదని చెప్పిండు గదా. గది కాయిదంల రాసిండ్రా?”

“రాసిన అక్కా” అన్నాను.

“రాస్తే సాలు సారూ. సదివేటోళ్ళు పెద్దోళ్ళు. ఆళ్ళు సూసుకుంటరు.”

అని పక్కకు తప్పుకుని నాకు దారి ఇచ్చింది. రాశాననడం అబద్ధం కాదు. కానీ ఆమె నమ్మిన కాగితంలో ఆమె మొగుడి మాట పక్కన నేను పుట్టించిన మాట ఉంది. మెట్లెక్కి నా గదిలోకి వెళ్ళి, మధ్యాహ్నం వణుకు మొదలయ్యేలోపే జడ్జిగారికి దరఖాస్తు రాశాను. సాక్షి మాటకు రెండర్థాలున్నాయని, ఒక అర్థం నాకు అప్పుడు తెలియదని, ‘సే’ అన్న మాట నేను చేర్చిందని, చదివి వినిపించడంలో పద్ధతి తప్పానని రాశాను. కింద సంతకం పెట్టాను.

జడ్జిగారిని నాజిమ్ సాహెబ్ అనేవాళ్ళం. మాట తక్కువ, చూపు ఎక్కువ. దరఖాస్తు రెండుసార్లు చదివారు. కూర్చోమనలేదు. సాక్షిని కలిశారా అని అడిగారు. లేదన్నాను. సాక్షి తరఫువాళ్ళనో, ముద్దాయి తరఫువాళ్ళనో కలిశారా అన్నారు. నర్సవ్వ మెట్ల మీద అడిగిందీ, నేను చెప్పిందీ అక్షరం పొల్లు పోకుండా చెప్పాను. ఆయన కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేశారు. కలిసి ఉంటే ఈ పూటే జైలుకు పంపేవాణ్ణి అన్నారు. పేషీ రోజు వేరే ముతర్జిమ్ ఉంటాడు, మీరు కోర్టులో వెనక నిలబడండి, పిలిచేదాకా నోరు విప్పకండి అన్నారు. నా మాట నమ్మారో లేదో ఆయన ముఖంలో కనిపించలేదు.

తాళం వేసిన సొరుగులోంచి కూడా కచేరీల్లో మాట బయటికి వస్తుంది. పేషీకి ముందు రోజు వరండాలో అమీన్ ఎదురయ్యాడు. నవ్వుతూనే ఆపాడు. తబియత్ బాగాలేదట కదా అని ఉర్దూలో అడిగాడు. చేతిలో బెత్తం ఉంది. దాని కొనను నా ఎడమ డొక్క మీద, ధోవతి మడతల మీద, మెల్లగా ఆనించాడు. ఇక్కడేనా అన్నాడు. నేను గోడకు ఆనుకుని ఉన్నాను, వెనక్కి జరగడానికి చోటు లేదు. ఊపిరి పీల్చితే కడుపు బెత్తానికి తగులుతుందని ఊపిరి బిగబట్టాను. వరండాలో ఇద్దరు వకీళ్ళు మాట్లాడుకుంటూ మమ్మల్ని దాటి వెళ్ళారు. ఆరోగ్యం చూసుకోవాలి, ఈ రోజుల్లో మనిషికి ఏం జరుగుతుందో చెప్పలేం అని, బెత్తం తీసి వెళ్ళిపోయాడు. నన్ను ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. ఆ తర్వాత నలభై ఏళ్ళు బతికినా, గోడకు ఆనుకుని నిలబడడం నాకు నచ్చదు.

పేషీ రోజు కోర్టు నిండిపోయింది. ఎడపల్లి వాళ్ళు ఒక పక్క, కాంపువాళ్ళు ఒక పక్క. మల్లయ్య బోనులో ఉన్నాడు. ఎడపల్లిలో చూసిన మనిషిలో సగం మిగిలాడు. మధ్యలో మేజు మీద లక్క ముద్రలతో ఆ విరిగిన బల్ల. వెంకమ్మ వచ్చి ప్రమాణం చేసింది. ముతర్జిమ్‌గా బోధన్ నుంచి ఒక ముసలాయనను పిలిపించారు. ఆయనకు నాజిమ్ సాహెబ్ ముందే ఒక మాట చెప్పారు: నువ్వు నీ నోటితో బల్ల అనకూడదు, ఆమె అంటేనే అనాలి.

మల్లయ్య దేనితో కొట్టాడని మొదటి ప్రశ్న.

“చేత్తోనండి.”

సర్కారు వకీలు లేచాడు. నాజిమ్ సాహెబ్ చెయ్యెత్తి కూర్చోబెట్టారు. ఆ తర్వాత ఏమైందని అడిగించారు.

“బల్ల పగిలింది.”

ఆ బల్ల ఎక్కడుంది?

వెంకమ్మ, ఇంత పెద్ద మనుషులు ఇలాంటి ప్రశ్న వేస్తారేమిటన్నట్టు ముసలాయన వంక, జడ్జిగారి వంక చూసింది. తర్వాత పైట సర్దుకుని, అరచెయ్యి తన ఎడమ పక్కటెముకల కింద పెట్టుకుంది.

“ఇక్కడుంటదండి. మా ఆయనకి మూడేళ్ళ నుంచీ ఉంది.”

మేజు మీది చెక్కను చూపించి, దీన్ని ఎప్పుడైనా చూశావా అని అడిగించారు. చూడలేదంది. అది కూర్చునే బల్ల కదా, దాంతో ఏం పని అని తిరిగి అడిగింది. ముసలాయన దాన్ని ఉర్దూలో చెప్పేసరికి బోనులో మల్లయ్య కమ్మీ పట్టుకుని కిందికి జారిపోయాడు. ఇద్దరు జవాన్లు లేపి నిలబెట్టారు.

సర్కారు వకీలు మళ్ళీ లేచి, సాక్షికి ఎవరో నేర్పారన్నాడు. మొదటి ఇజహారులో ఇదంతా లేదన్నాడు. నాజిమ్ సాహెబ్ ఆ ప్రశ్ననే ఆమెకు వేయించారు: ఈ సంగతి ఎడపల్లిలో ఎందుకు చెప్పలేదు?

“చెప్పానండి” అన్నది వెంకమ్మ. “ఇదే చెప్పాను. రాసుకున్నారు కూడాను. మళ్ళీ చదివి వినిపిస్తే ఔనన్నాను.”

వెనక నిలబడ్డ నన్ను ఆమె చూసింది. ఆమె చూపు వెంట కోర్టంతా చూసింది. ఆమె కళ్ళలో కోపం లేదు, ఆయనే అని గుర్తుపట్టడం మాత్రం ఉంది.

ఇంకేమైనా చెప్పేది ఉందా అని చివరికి అడిగారు. ఆమె అన్నది: “చెక్కతో కొట్టలేదండి, చేత్తోనే కొట్టాడు. చేత్తో కొట్టినా పోయింది మా ఆయనే కదండీ.”

మర్నాడు సర్కారు దవాఖానా డాక్టరును పిలిపించి, వాచిన తిల్లి చిన్న దెబ్బకు పగులుతుందా అని అడిగారు. పగులుతుందని, అలాంటివి తాను చూశానని ఆయన చెప్పాడు. పంచనామా మీద సంతకం చేసిన ఇద్దరూ మరక సంగతి తమకు తెలియదన్నారు. ఖూనీ నేరం కొట్టేసి, కొట్టినందుకు మల్లయ్యకు ఏడాదిన్నర శిక్ష వేశారు. అమీన్‌ను ఏమన్నారో నాకు తెలియదు. ఆ వేసవిలో అతను ఇంకో జిల్లాకు వెళ్ళాడు.

నా మీద విచారణ జరిగింది. సరిష్టాదారు చెప్పినవన్నీ నన్ను అడిగారు: ఎవరు డబ్బిచ్చారు, ఎంత తీసుకున్నావు, ఎందుకు మాట మార్చావు. నాలుగు నెలలు ప్రతి కాగితానికీ జవాబు రాశాను. చివరికి దురుద్దేశం లేదని, అజాగ్రత్త ఉందని తేల్చి, ముతర్జిమ్ పని నుంచి తీసి నన్ను నకళ్ళ శాఖకు పంపారు. రెండేళ్ళు అక్కడ ఉన్నాను. జ్వరం మెల్లగా తగ్గింది, కడుపులో గట్టిదనం తగ్గడానికి మాత్రం ఏడాది పట్టింది.

ఆ రెండేళ్ళలో తీరిక ఉండేది గనుక ఆ మాట వెంట పడ్డాను. సంస్కృతం వచ్చినవాళ్ళు ఫలకం నుంచి పలక వచ్చిందని, బల్ల కూడా దాని చుట్టమే కావచ్చని అన్నారు. అచ్చ తెలుగు మాటేనని ఒక తెలుగు పండితుడు ఖండితంగా చెప్పాడు. పుట్టుక నాకు తేలలేదు. వాడుక మాత్రం కొంత తేలింది. కోస్తా వాళ్ళకు కూర్చునేది, రాసుకునేది, కడుపులో వాచేది అన్నీ బల్లలే. చేత్తో తడిమితే చెక్కలా తగులుతుంది గనుక చెక్క పేరు పెట్టారు. మనవైపు ఆ జబ్బుకు ఉర్దూ పేరు అలవాటై, బల్ల చెక్కకే మిగిలింది. ఎడపల్లికీ వర్ని కాంపుకీ మధ్య ఒక పూట నడక. ఆ దూరంలో ఒక మాట సగం అర్థం పోగొట్టుకుంది. అది పోయిన చోట నేను కలం పట్టుకుని కూర్చున్నాను.

మల్లయ్య విడుదలైన ఏడాది, నిజామాబాద్ పసుపు మార్కెట్లో నాకు ఎదురుపడ్డాడు. బోధన్‌లో చక్కెర కార్ఖానా లేచింది, గానుగ ఎత్తేసి చెరుకంతా అక్కడికే తోలుతున్నానన్నాడు. నేను వెళ్ళబోతుంటే ఆపాడు.

“ముందుగాల తప్పు రాసింది నువ్వేనంట. దిద్దింది గూడ నువ్వేనంట. నిజమేనా సారు?”

నిజమేనన్నాను.

“నువ్వు రాసింది నువ్వు దిద్దుకున్నవ్. నా చేతికి గా సవలత్ లేకపాయె” అన్నాడు. సవలత్ అంటే వెసులుబాటు. కోపంగా అనలేదు. కుడిచెయ్యి కండువాలో చుట్టుకుని పసుపు బస్తాల మధ్య నుంచి వెళ్ళిపోయాడు. వెంకమ్మ ఆ సరికే కాంపు వదిలి తన ఊరికి వెళ్ళిపోయిందని అతని వల్లే తెలిసింది.

1348 ఫస్లీ చివర నన్ను మళ్ళీ ముతర్జిమ్‌గా తీసుకున్నారు. ఉద్యోగ విరమణ దాకా ఆ పనిలోనే ఉన్నాను. సాక్షి ఏ వస్తువు పేరు చెప్పినా అది ఎక్కడుంటుందో చూపించమని అడిగేవాణ్ణి. రెండు మాటల మధ్య సంబంధం దొరక్కపోతే నా మాట వేసి అతికేవాణ్ణి కాదు. అక్కడ ఖాళీ వదిలి, అర్థం కాలేదని రాసి సంతకం పెట్టేవాణ్ణి. పేషీలు ఆలస్యమయ్యేవి. జడ్జీలు విసుక్కునేవారు, ఒకరిద్దరు నా మీద పైకి రాశారు కూడా. కొత్తగా చేరిన ముతర్జిమ్‌లకు నేను చెప్పింది ఒక్కటే. తెలియని మాట వల్ల పెద్దగా ప్రమాదం ఉండదు, దాని దగ్గర ఎవరైనా ఆగి అడుగుతారు. మనం అడగకుండా దాటేసేది బాగా తెలుసనుకున్న మాటనే.